కొత్త సూపర్‌వైజర్లకు: పనిచోట అందరికీ ఒకే క్రమశిక్షణ అమలు చేయడం ఎలా?

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు మిల్లుల్లో, జీడిపప్పు యూనిట్లలో, కన్‌స్ట్రక్షన్ సైట్లలో కొత్తగా సూపర్‌వైజర్లయిన మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఒకటే. "గట్టిగా ఉంటే గొడవ. మెత్తగా ఉంటే నెత్తికెక్కుతున్నారు. ఎలా ఉండాలి?"

చిక్కు ఆ ప్రశ్నలోనే ఉంది. సోమవారం చూసీ చూడనట్టు వదిలేసిన తప్పుకి గురువారం నలుగురిలో కేకలేయడం, శనివారం అదే తప్పు మన ఊరివాడు చేస్తే నవ్వి ఊరుకోవడం, ఇదీ అసలు రోగం. గట్టి మనిషి కింద జనం పనిచేయగలరు, మెత్తని మనిషి కిందా చేయగలరు. ఇవాళ ఏ మూడ్‌లో ఉంటాడో తెలియని మనిషి కింద మాత్రం చేయలేరు.

కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి. చాలామంది నేరుగా నాలుగో అంచె దగ్గర మొదలుపెడతారు. అందుకే తేడా కొడుతుంది.

1. మీ చేతిలో ఏముందో ముందు తేల్చుకోండి

మొదటి వారం ఎవరినీ ఏమీ అనకముందే హెచ్‌ఆర్ దగ్గరికి, చిన్న యూనిట్ అయితే ఓనరు దగ్గరికి వెళ్లండి. మీరు స్వయంగా ఏం చేయొచ్చు, ఏది పైకి పంపాలి అన్నది అడిగి రాసుకోండి. చాలాచోట్ల సూపర్‌వైజర్ చేతిలో ఉండేది నోటి హెచ్చరిక, రిపోర్టు, అంతే. మెమో, జరిమానా, సస్పెన్షన్ మేనేజ్‌మెంట్ సంతకంతోనే వెళ్లాలి.

ఇది తెలియక కోపంలో "రేపట్నుంచి గేటు లోపలికి రావద్దు" అనేస్తారు. మర్నాడు ఆ మనిషి మామూలుగా డ్యూటీకి వస్తాడు, హెచ్‌ఆర్ లోపలికి పంపుతుంది. ఆ రోజుతో మీ మాటకి విలువ పోతుంది.

పెద్ద ఫ్యాక్టరీ అయితే స్టాండింగ్ ఆర్డర్స్ కాపీ అడగండి. ఏది తప్పు, దానికి ఏ చర్య అన్నది అందులో రాసి ఉంటుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 ప్రకారం 300 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఇవి ఉండాలి. అంతకన్నా చిన్న యూనిట్లలో ఒక పేజీ నియమాలైనా ఓనరు చేత రాయించి సంతకం పెట్టించుకోండి. ఓనరు సంతకం లేని నియమాన్ని రేపు ఓనరే కాదనొచ్చు.

కాంట్రాక్టు కూలీల సంగతి వేరు. వాళ్లకి యజమాని కాంట్రాక్టరు. ప్రమాదం ఉంటే పని ఆపించడం మీ బాధ్యత. చర్య తీసుకోవాలంటే మాత్రం మీ రిపోర్టు మీ పైవాళ్ల ద్వారా కాంట్రాక్టరుకి వెళ్లాలి. మీరే నేరుగా మెమో రాయడం, కూలి కోయించడం చేయకండి.

చేతిలో ఉండాల్సినవి:

- మీ అధికారాల జాబితా, పైవాళ్ల సంతకంతో
- స్టాండింగ్ ఆర్డర్స్ లేదా ఒక పేజీ నియమాలు
- మీ కింద ఎవరు కంపెనీ రోల్, ఎవరు కాంట్రాక్టు అన్న లిస్టు
- రాత్రి షిఫ్ట్‌లో గొడవైతే ఫోన్ చేయాల్సిన ఇద్దరి నంబర్లు
- పేజీ నంబర్లున్న ఒక నోటు పుస్తకం (విడి కాగితాలు వద్దు)

2. తప్పుల్ని మూడు రకాలుగా విడదీయండి

ఈ పని తీరిగ్గా కూర్చున్నప్పుడే చేయాలి. తప్పు కళ్లముందు జరుగుతున్నప్పుడు ఇది చిన్నదా పెద్దదా అని ఆలోచిస్తే ఆ రోజు మీకున్న టెన్షనే జవాబు చెబుతుంది.

మొదటి రకం, అక్కడికక్కడ మాట్లాడి సరిచేసేవి: పదిహేను నిమిషాల లేటు, పనిచోటు ఊడ్చకపోవడం, టీ బ్రేక్ సాగదీయడం, పనిలో ఫోన్ చూడటం.

రెండో రకం, మొదటిసారే రాతలోకి రావాల్సినవి: చెప్పకుండా మానేయడం, హెల్మెట్, గ్లౌజులు వేసుకోకపోవడం, పని మధ్యలో గేటు దాటడం, మొదటి రకం తప్పునే మాట్లాడాక కూడా మళ్లీ చేయడం.

మూడో రకంలో మీ తీర్పుకి చోటు లేదు, వెంటనే పైకి పోవాలి. కొట్టుకోవడం, తాగి రావడం, దొంగతనం, తిరుగుతున్న మెషీన్‌కి గార్డు (రక్షణ మూత) తీసేయడం ఇందులోవి. లైంగిక వేధింపు ఫిర్యాదు వస్తే మీరు విచారించకూడదు, రాజీ అసలే చేయకూడదు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదు అక్కడికి వెళ్లాలి. కులం పేరుతో తిట్టినా ఇదే రకం. సవర, కొంధ కూలీలని వాళ్ల తెగ పేరుతో ఎగతాళి చేయడం మన వైపు సరదా కింద చెల్లిపోతోంది. దాన్ని చెల్లనివ్వకండి. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచీ ఉంది.

తాగి వచ్చినవాణ్ని ముందు మెషీన్ దగ్గరి నుంచి తప్పించండి. కోపంలో ఒంటరిగా బైకు మీద ఇంటికి పంపేయకండి, తోడిచ్చి పంపండి. చూసినవాళ్లు ఇద్దరి పేర్లు రాసుకోండి.

3. తేదీ చెప్పి మొదలుపెట్టండి

కొత్తవాళ్లు ఎక్కువగా దాటేసే అంచె ఇదే. మీకు ముందున్న సూపర్‌వైజర్ రెండేళ్లు పావుగంట లేటుని పట్టించుకోలేదనుకుందాం. వాళ్ల దృష్టిలో షిఫ్ట్ టైమే 6.15. మీరు హఠాత్తుగా పట్టుకుంటే అది పగలాగే కనిపిస్తుంది.

పాతవన్నీ ఆ తేదీతో వదిలేసి, కనీసం వారం ముందు చెప్పండి. షిఫ్ట్ మొదట్లో అందరినీ నిలబెట్టి ఇలా అనొచ్చు:

"ఇంతవరకూ జరిగినవి తవ్వను. వచ్చే సోమవారం నుంచి 6 అంటే 6. ఆలస్యమైతే కారణం అడుగుతాను. మొదటిసారి మాట్లాడతాను, రెండోసారి రాస్తాను, మూడోసారి హెచ్‌ఆర్‌కి పంపుతాను. ఇది నాకూ వర్తిస్తుంది."

ఆ చివరి మాట అన్నాక మీరు 5.50కల్లా అక్కడ ఉండాలి మరి.

భాష దగ్గర బద్ధకించవద్దు. మన లైన్లో తెలుగు, ఒడియా, కుయి (కొంధుల భాష), సవర మాట్లాడేవాళ్లు పక్కపక్కనే ఉంటారు. తెలుగులో గడగడా చెప్పేసి "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. ఒడియాలో ఒకసారి చెప్పించండి. తర్వాత ఇద్దరు ముగ్గుర్ని "ఏం చెప్పానో మీరు చెప్పండి" అని అడగండి. నోటీసు ఎక్కువమందికి తెలిసిన భాషలో అంటించండి. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి చెప్పేశాననుకోవద్దు. గ్రూపులో లేనివాళ్లే రేపు మీ ముందు నిలబడతారు.

ఒకేసారి పన్నెండు నియమాలు కూడా మొదలుపెట్టకండి. భద్రతకి సంబంధించిన ఒకటి, హాజరుకి సంబంధించిన ఒకటి, మొదటి నెలకి అవి చాలు. అమలు చేయలేని నియమం గోడ మీద ఉంటే పక్కనున్న నియమాన్నీ ఎవరూ లెక్కచేయరు.

4. తప్పు కనిపించిన నిమిషంలో ఏం చేయాలి

వరుస ఇది:

1. ప్రమాదం ఉంటే ముందు పని ఆపించండి. మాటలు తర్వాత.
2. పక్కకి పిలవండి. నలుగురిలో వద్దు.
3. చూసింది చెప్పండి. మనిషి గుణం గురించి మాట్లాడొద్దు.
4. ఏమైందని అడిగి, ఆగండి.
5. ఇది ఎన్నోసారో, తర్వాతి మెట్టు ఏంటో చెప్పండి.
6. అదే షిఫ్ట్‌లో రాసుకోండి.

ఇందులో కష్టమైనది నాలుగోది. అడిగి, జవాబు రాకముందే మనమే "నాకు తెల్సులే" అనేస్తాం. పది సెకన్లు ఊరుకోండి. ఇంట్లో జ్వరాలు, ముందు రోజు ఓటీ చేయించి తెల్లారే మళ్లీ రమ్మనడం, చెప్పులు లేని కూలీకి సేఫ్టీ బూట్ల సైజు దొరక్కపోవడం లాంటివి అప్పుడే బయటికొస్తాయి. కొన్నిసార్లు తప్పు మనదే అని తేలుతుంది.

మాట ఇలా ఉండొచ్చు ("భాయినా" అంటే ఒడియాలో అన్నా అని):

"భాయినా, షిఫ్ట్ 6కి. మీరు వచ్చింది 6.25కి. ఏమైంది?"

(విన్నాక)

"సరే, విన్నాను. 4వ తేదీన ఒకసారి మాట్లాడుకున్నాం, ఇది రెండోది. పుస్తకంలో రాస్తున్నాను. మళ్లీ అయితే హెచ్‌ఆర్‌కి వెళ్తుంది. రేపు 6కి రావడానికి ఏమైనా అడ్డం ఉందా?"

వయసులో పెద్దవాళ్లని తెలుగులో "అన్నా, మీరు" అంటూనే, ఒడియాకి మారగానే అందరినీ "తు" అనేసే అలవాటు మనవాళ్లలో ఉంది. బజారు ఒడియా అలాగే వస్తుంది మరి. పనివాళ్ల దగ్గర "తుమె" అనండి, పెద్దవాళ్లని "ఆపణ" అనండి. తెలుగువాడికి మర్యాద, ఒడియావాడికి ఏకవచనం అయితే మీరు ఇచ్చిన హెచ్చరిక ఎంత న్యాయమైనదైనా అది పక్షపాతంగానే చెవికెక్కుతుంది.

మీకే ఒళ్లు మండిపోతుంటే ప్రమాదం లేని తప్పుని గంట ఆగి మాట్లాడండి. షిఫ్ట్ మాత్రం దాటనివ్వకండి. మూడు రోజులు పోగేసి నాలుగో రోజు ఒకేసారి కక్కితే ఎదుటివాడికి వినిపించేది మీ కోపం ఒక్కటే.

5. పుస్తకంలో ఏం రాయాలి

పనికిరాని రాత: "నిర్లక్ష్యంగా ఉన్నాడు. ఎదురు తిరిగాడు."

పనికొచ్చే రాత: "12వ తేదీ, ఎ షిఫ్ట్, ఉదయం 10.40. రెండో కన్వేయర్ గార్డు తీసి ఉంది, బెల్టు తిరుగుతోంది. అడిగితే 'జామ్ అయింది, నేనే తీశాను' అన్నాడు. ఆపించి గార్డు పెట్టించాను. అక్కడున్నవాళ్లు: ఫిట్టర్, ఇంకో హెల్పర్. షిఫ్ట్ ఇన్‌ఛార్జికి 11కి చెప్పాను."

మొదటిది మీ అభిప్రాయం. రెండోది చూసి మూడు నెలల తర్వాత హెచ్‌ఆర్ అయినా, లేబర్ ఆఫీసర్ అయినా ఏం జరిగిందో తెలుసుకోగలరు. అతని జవాబు అతని మాటల్లోనే రాయండి, ఒడియాలో అన్నది ఒడియా మాటగానే రాసుకున్నా ఫర్వాలేదు.

రాసిన విషయం అతనికి తెలియాలి. చాటుగా రాసుకునే పుస్తకాన్ని అందరూ కక్షల చిట్టా అనుకుంటారు. వదిలేసినవి కూడా రాయండి, ఎందుకు వదిలేశారో ఒక లైను చాలు. తర్వాతి అంచెకి ఆ లైనే ఆధారం.

6. ఒకే కొలత అంటే ఏంటి

అందరికీ కళ్లు మూసుకుని ఒకే శిక్ష వేయమని దీని అర్థం కాదు. తప్పుకి మొదటి మెట్టు అందరికీ ఒకటే. కారణం వేరైతే ఫలితం వేరు కావొచ్చు. అయితే అదే కారణం రేపు ఇంకొకరు చెప్పినా మీరు ఒప్పుకోవాలి. పరీక్ష అంతే.

రైలు సంగతి తీసుకోండి. పార్వతీపురం వైపు నుంచి రాయగడకి రోజూ రైల్లో వచ్చేవాళ్లున్నారు. రైలు లేటు నిజమే కావొచ్చు. ఒకరి మాట నమ్మి, ఇంకొకరిది నమ్మకపోతే గొడవ. కాబట్టి ముందే చెప్పండి: రైలు లేటైతే ఎక్కకముందే ఫోన్ చేయాలి, రన్నింగ్ స్టేటస్ చూస్తాం, నిజమైతే హెచ్చరిక లెక్కలోకి రాదు. నెలలో మూడుసార్లు దాటితే అంతకన్నా ముందొచ్చే రైలుకి మారాలి, లేదా షిఫ్ట్ మార్పు అడగాలి. ఇక నమ్మకాల పేచీ ఉండదు. దూరం ఊళ్ల నుంచి జీపుల్లో వచ్చే కూలీలకీ ఇలాంటి ఏర్పాటే చేయండి. తెలుగువాళ్ల రైలుకి ఒక న్యాయం, వాళ్ల జీపుకి ఒక న్యాయం వద్దు.

పండగల దగ్గర ఇది మరీ బయటపడుతుంది. సంక్రాంతికి సగం లైను ఖాళీ అయినా మనకి తప్పనిపించదు. గిరిజనుల పండగ చైత పరబ్‌కి నలుగురు రాకపోతే "చెప్పకుండా మానేశారు" అని రాస్తాం. ఒడియావాళ్ల రజ సంక్రాంతికీ అంతే. ఏడాది మొదట్లోనే లైనులో అందరి పండగలూ ఒక కాగితం మీద రాయించి, ఏ పండగకి ఎంతమందిని వదలగలరో హెచ్‌ఆర్‌తో తేల్చండి. ముందు అడిగినవాళ్లకి ముందు ఇవ్వండి.

చర్య రాయకముందు ఈ నాలుగు ప్రశ్నలూ మీకు మీరే వేసుకోండి:

- ఈ తప్పే నాకు నచ్చిన మనిషి చేస్తే ఇదే చేస్తానా?
- లైనులో అందరికన్నా పనిమంతుడు చేస్తే?
- యూనియన్ మనిషి చేస్తే?
- కిందటి నెల ఇదే తప్పుకి ఏం చేశాను? (పుస్తకం తిప్పి చూడండి, గుర్తుని నమ్మకండి)

రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది జారతారు. రోజుకి ఒకటిన్నర పని చేసేవాడు హెల్మెట్ తీసేస్తే "వాడి సంగతి వేరు" అంటారు. ఇనప ముక్క పైనుంచి పడేటప్పుడు ఎవరి ప్రొడక్షన్ ఎంతో చూసుకుని పడదు. పనిమంతుడికి ఇవ్వాల్సిన విలువ ఓటీలోనో, ఇంక్రిమెంట్ సిఫార్సులోనో ఇవ్వండి.

నెలాఖరుకి పుస్తకంలోని పేర్లు లెక్కపెట్టండి. అన్నీ ఒక భాషవాళ్లవో, కాంట్రాక్టువాళ్లవో, ఒక మూల పనిచేసేవాళ్లవో అయితే ఆగి చూడండి. నిజంగా తప్పులే అటు ఎక్కువా, మీ కళ్లే అటు ఎక్కువ తిరుగుతున్నాయా? ఒక గుంపుని వెనకేసుకుని మిగతావాళ్లని తక్కువ చూడటం కార్మిక చట్టంలో అన్యాయ పద్ధతుల జాబితాలోనే ఉంది.

7. మెట్లు, డబ్బు, చట్టం

మామూలు మెట్లు: నోటి మాట, పుస్తకంలో రాత, రాతపూర్వక హెచ్చరిక, షోకాజ్ నోటీసు, విచారణ, శిక్ష. మీ పని మొదటి రెండు మెట్ల మీద, మూడోదానికి రిపోర్టు ఇవ్వడం వరకు. ఆరు నెలలు శుభ్రంగా పనిచేసినవాడికి పాత హెచ్చరిక తీసి చూపించకుండా గడువు ఎంతో హెచ్‌ఆర్‌తో ముందే పెట్టించండి.

డబ్బు జోలికి మీరంతట మీరు వెళ్లకండి. ఈ నాలుగు తెలిసి ఉంటే చాలు:

- జరిమానా వేయాలంటే ఆ తప్పు ముందే నోటీసు బోర్డులో ఉండాలి, మనిషి సంజాయిషీ వినాలి.
- అది ఆ వేతన కాలపు జీతంలో 3 శాతం దాటకూడదు. తప్పు జరిగిన 90 రోజుల తర్వాత వసూలు చేయకూడదు, వాయిదాల్లోనూ తీసుకోకూడదు.
- పనిలో లేని సమయానికి కోత, లేని సమయానికి తగ్గట్టే ఉండాలి. పది నిమిషాల లేటుకి సగం రోజు కూలి కోయడం కుదరదు.
- విచారణ కోసం సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం భత్యంగా ఇవ్వాలి. కార్మికుడి తప్పు లేకుండా ఇంకా సాగితే 75 శాతం.

గంటలకొద్దీ గేటు బయట నిలబెట్టడం, ఫోన్ లాక్కుని రెండు రోజులు ఉంచుకోవడం, ఆధార్ కార్డు పట్టి ఉంచడం, వారం సెలవు రద్దు చేయడం, మరుగుదొడ్డికి వెళ్లనివ్వకపోవడం, వీటిలో ఏదీ క్రమశిక్షణ కాదు. ఎవరు చేయమన్నా చేయకండి. మీద పడేది మీ పేరే.

8. ఇప్పటికే అటూ ఇటూ అయిపోతే

*ఒకరిని వదిలేసి, అదే తప్పుకి ఇంకొకరికి హెచ్చరిక ఇచ్చేశారా?* రెండోవాడి హెచ్చరికని నోటి మాటకి తగ్గించండి. వెనక్కి వెళ్లి మొదటివాణ్ని పట్టుకోవద్దు. ఇద్దరికీ విడివిడిగా చెప్పి, ఇకపై ఏ తేదీ నుంచి ఏం జరుగుతుందో లైను మొత్తానికి చెప్పండి. పైకి వెళ్లిపోయిన రిపోర్టు అయితే హెచ్‌ఆర్‌కి నిజం రాసి ఇవ్వండి.

*నలుగురిలో అరిచేశారా?* అదే నలుగురిలో "అలా మాట్లాడి ఉండకూడదు" అని చెప్పండి. తప్పు మీద మాట్లాడాల్సింది మాత్రం పక్కకి పిలిచి పూర్తిచేయండి. క్షమాపణ చెప్పాం కదా అని తప్పుని వదిలేస్తే రెండో పొరపాటు.

*నిన్నటిదాకా పక్కన పనిచేసిన స్నేహితుడే మాట వినట్లేదా?* డ్యూటీ బయట, టీ కొట్టు దగ్గర ఒకసారి తేల్చేయండి: "ఇక్కడ మనం మనమే. లోపల నీ పేరు కూడా అందరి పేర్లలాగే పుస్తకంలో పడుతుంది." ఆ తర్వాత చిన్న తప్పునైనా అందరికీ ఉన్న మెట్ల ప్రకారమే రాయండి. లైను మొత్తం చూసేది ఆ ఒక్క పేరు కోసమే.

*"పక్క షిఫ్ట్‌లో ఏమీ అనరు, మీరే ఎందుకు?" అంటున్నారా?* వాళ్లన్నది నిజమైతే ఒప్పుకోండి. పక్క షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని వాళ్ల ముందు తక్కువ చేయకండి. విషయం ఇన్‌ఛార్జి దగ్గర పెట్టండి, జవాబు వచ్చేదాకా మీ షిఫ్ట్‌లో మీరు చెప్పిందే నడిపించండి.

9. ఇన్‌ఛార్జిలకి, ఓనర్లకి

సూపర్‌వైజర్ తడబాటులో సగం పైనుంచే వస్తుంది. పని బాగా చేస్తున్నాడని ప్రమోషన్ ఇచ్చి, మర్నాడు ముప్పై మందిని అప్పగిస్తాం. ఎలా మాట్లాడాలో, ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పరు. కనీసం ఒక నెల పాత సూపర్‌వైజర్ పక్కన నిలబెట్టండి.

వారానికి ఒకసారి అన్ని షిఫ్ట్‌ల సూపర్‌వైజర్లనీ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. తలా రెండు సంఘటనలు పుస్తకం నుంచి చదవాలి. "ఇది నీ దగ్గర జరిగితే ఏం చేసేవాడివి?" అని పక్కవాణ్ని అడగండి. జవాబులు వేరుగా వస్తే అక్కడే ఒకటి ఖాయం చేసి రాయండి. ఇరవై పేజీల మాన్యువల్ ఇవ్వడం కన్నా ఇది పనిచేస్తుంది.

ప్రొడక్షన్ టార్గెట్ నెత్తిమీద ఉన్న చివరి వారంలో "ఇప్పుడేం పట్టించుకోకు, పని కానీ" అని ఫోన్ చేసే అలవాటు ఉంటే మానేయండి. ఆ ఒక్క ఫోన్‌తో మూడు వారాల పని పోతుంది.

సూపర్‌వైజర్ రాసిన చర్య తప్పనిపిస్తే మార్చండి, మార్చాల్సిందే. ముందు అతన్ని విడిగా పిలిచి కారణం చెప్పండి. మార్చిన సంగతి కార్మికుడికి అతని నోటితోనే చెప్పించండి.